ఆ మధ్యాహ్నం రెండో బేస్ నాది

నేను, ప్యో జేసొప్, దివంగతుడైన ప్యో మన్‌సు కుమారుణ్ణి, వయసు అరవై మూడేళ్ళు, మసాన్ ఓడోంగ్ వాస్తవ్యుణ్ణి, మసాన్ డాల్ఫిన్స్ జట్టులో పన్నెండేళ్ళు సెకండ్ బేస్‌మన్‌గానూ, ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళు అదే జట్టుకి ఫీల్డింగ్ కోచ్‌గానూ బతికినవాణ్ణి, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. కాలేయం చెడిందని డాక్టర్లు చెప్పారు. బుర్ర చెడిందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కుడిచేతి వేళ్ళు మూడు బంతి దెబ్బలకి వంకరపోయినవి కాబట్టి అక్షరాలు తిన్నగా ఉండవు. ఆ కారణంగా దీన్ని ఎవరూ కొట్టివేయకూడదు. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదైనా బయటపడితే అది చెల్లదు.

సొంత చేతిరాతతో రాసి, తేదీ, చిరునామా, పేరు వేసి ముద్ర గుద్దితే చాలునని, సాక్షులు అక్కర్లేదని లాయరు గారు చెప్పారు. చట్టానికి అక్కర్లేకపోవచ్చు, నాకు కావాలి. ఎందుకో ఐదో అంశం దగ్గర తెలుస్తుంది. అమలు చేసే బాధ్యత మా అమ్మాయి యోంజుది. బేస్‌బాల్ అంటే ఆమెకి చిన్నప్పటినుంచీ ఒళ్ళుమంట. ఈ పనికి అలాంటి మనిషే సరి. ఆట గురించి రాసిన చోట్ల ఆమెకి అర్థమయ్యేలా విడమరిచి రాశాను. ఆట తెలిసినవాళ్ళు విసుక్కోకుండా చదవాలి.

ఒకటి. ఓడోంగ్‌లోని నా ఇల్లు, డాబా మీది గదితోనూ పెరట్లోని పెర్సిమన్ పండ్ల చెట్టుతోనూ సహా, నా ఏకైక సంతానమైన యోంజుకి దఖలు పరుస్తున్నాను. దానవిక్రయాది సర్వహక్కులూ ఆమెవే. అమ్మేసినా నాకు అభ్యంతరం లేదు. కొనేవాళ్ళకి ఒక్క మాట చెప్పి అమ్మాలి: పండ్లు కోసేటప్పుడు చిటారుకొమ్మన రెండు మూడు పిట్టలకి వదిలెయ్యాలి. యోంజూ, మీ అమ్మ ప్రతి ఏడూ వదిలేది. నేను నిచ్చెనెక్కి అవి కూడా కోయబోతే నిచ్చెన పట్టుకుని ఊపేది.

రెండు. డాబా మీది జాడీలలో ఎడమవైపు చివర్నున్న దాంట్లో, నా భార్య సున్‌ర్యే పోయే ముందు ఏడాది ఊరబెట్టిన సోయాముద్ద ఇంకా సగం ఉంది. ఎనిమిదేళ్ళుగా నేను దాన్ని చెంచాలతో కొలుచుకు తింటున్నాను. అదీ యోంజుదే. నల్లబడిందని పారెయ్యకూడదు. నల్లబడ్డాకే రుచి.

మూడు. నా రిటైర్మెంటు రోజున జట్టు ఆఫీసు వాళ్ళు బహూకరించిన గోడగడియారాన్ని ఆఫీసు వాళ్ళకే తిరిగి ఇచ్చెయ్యాలి. దాని మీద "మా ప్రియమైన కోచ్ ప్యో జేసోక్ గారికి" అని చెక్కించారు. ముప్పై ఆరేళ్ళు ఆ జట్టు అన్నం తిన్నాను. జేసోక్ ఎవరో నాకు తెలియదు. ఎక్కడున్నాడో వెతికి ఆయనకే ఇవ్వగలరు.

నాలుగు. ప్రాక్టీసులో నేను నేల బంతులు కొట్టడానికి వాడిన సన్నటి పొడవాటి బ్యాటు, పిడి దగ్గర నల్ల టేపు చుట్టినది, నామ్‌గుంగ్ హ్యోక్‌కి చెందుతుంది. నా తర్వాత ఆ జట్టుకి ఫీల్డింగ్ కోచ్ అయినవాడు ఇతనే. ఈ బ్యాటుతో చాలామందిని ఏడిపించాను. దానికి నేనేమీ నొచ్చుకోవడం లేదు, ఏడిస్తేనే పాదాలు కదులుతాయి. హ్యోక్‌ని మాత్రం ఒకసారి అన్యాయంగా ఏడిపించాను.

2011 వసంతంలో, శిక్షణ మొదలైన వారానికి, పాత ఆట ఒకటి వీడియోలో వేసి అందరికీ చూపిస్తున్నాను. అప్పటి మన షార్ట్‌స్టాప్ ఓక్ రెండో బేస్ దగ్గరికి రాకపోవడం వల్ల చేతికొచ్చిన కప్పు ఎలా పోయిందో ఏటా చెప్పే పాఠమే చెబుతున్నాను. హ్యోక్ అందరి ముందూ లేచి, "కోచ్‌గారూ, కాస్త వెనక్కి తిప్పండి. ఓక్ గారు నిలబడిపోలేదండీ, బేస్ వెనక్కి పరిగెత్తుతున్నారు. బేస్ మీదికి ఇంకొకరు వస్తున్నారని తెలియకపోతే ఎవరైనా వెనక్కి పోతారా?" అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆ సంగతి పట్టుకున్నవాడు అతనొక్కడే. కళ్ళు అంత బాగా పనిచేస్తుంటే మైదానంలో చూపించమని బయటికి లాక్కెళ్ళి, అతను మోకాళ్ళ మీద కూలబడేదాకా బంతులు కొట్టాను. చివరికి లేవలేక చేతులతో పాక్కుంటూ బంతులు ఆపాడు. నేను ఆపలేదు.

హ్యోక్, నువ్వు చూసింది నిజం. బ్యాటు తీసుకో. నీకు నచ్చని మాట ఎవడైనా అందరి ముందూ అన్నప్పుడు దాన్ని కింద పెట్టు.

ఐదు. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు. వాంగ్మూలం ఉంది.

యోంజూ, మొదటి బేస్ మీద ఎదుటి జట్టు మనిషి ఉన్నప్పుడు, రెండో బేస్‌ని మాలో ఒకరు కాయాలి; నేల బంతి వచ్చినప్పుడు, అతను చేరేలోపు బంతి పట్టుకుని బేస్ తొక్కితే అతను ఔట్. ఆ బేస్‌కి చెరోపక్క నిలబడే సెకండ్ బేస్‌మన్ గానీ షార్ట్‌స్టాప్ గానీ. ఇద్దరూ వెళ్ళకూడదు, ఇద్దరూ మానకూడదు. అందుకని ప్రతి బంతికీ ముందు గ్లవ్ ముఖానికి అడ్డం పెట్టుకుని, అవతలి జట్టుకి కనబడకుండా, ఒకరికొకరం నోటితో సైగ చేసుకుంటాం. నోరు మూస్తే "నేను వెళ్తా" అని. నోరు తెరిస్తే "నువ్వు వెళ్ళు" అని. వెళ్ళనివాడు బేస్ వెనక్కి పరిగెత్తాలి, బంతి తప్పిపోతే ఆపడానికి.

మా జంటలో సైగ ఇచ్చే పని నాది. షార్ట్‌స్టాప్ ఓక్ గ్వాంగ్‌హున్ అన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. మొదటి రోజే, "సైగ నువ్వియ్యి. నేను ఒక్కసారి చూస్తా, మళ్ళీ అడగను," అన్నాడు. 1984 నుంచి ఎనిమిదేళ్ళు పక్కపక్కన నిలబడ్డాం. అతను నాకు వేసే బంతి ఎప్పుడూ నా ఛాతీ ఎత్తులో, దూసుకొచ్చే రన్నర్‌కి దూరంగా వచ్చేది. దానివల్ల నా కాళ్ళు ఎన్నిసార్లు దక్కాయో అప్పట్లో నేను గమనించలేదు. అతను వేయని బంతికే, 1990లో, బేస్ మీద నిలబడ్డ నా మోకాలిని రన్నర్ ఒకడు జారుతూ వచ్చి విరగ్గొట్టాడు. ఆ రన్నర్ మీద నాకు కోపం లేదు, వాడి ఆట వాడు ఆడాడు. ఆపరేషను అయింది, నడక వచ్చింది, పరుగు వచ్చింది. భయం మాత్రం పోలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

1991 అక్టోబరు 13, ఆదివారం మధ్యాహ్నం, మసాన్ స్టేడియంలో ఆఖరి ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్. మేము ఒక్క పరుగు ముందున్నాం. ఒకడు ఔటయ్యాడు, ఇంకో ఇద్దరిని ఔట్ చేస్తే కప్పు మాది. మూడో బేస్ మీద ఒకడు, మొదటి బేస్ మీద ఒకడు. మొదటి బేస్ మీద ఉన్నవాడే నా మోకాలు విరగ్గొట్టినవాడు.

నేను గ్లవ్ అడ్డం పెట్టుకుని నోరు మూశాను. "నేను వెళ్తా" అని. గ్వాంగ్‌హున్ అన్న చూసి తల కూడా ఊపకుండా బ్యాటరు వైపు తిరిగాడు.

బ్యాటరు కొట్టిన బంతి నేలకి తగిలి, దాన్ని విసిరిన పిచర్ చేతిలోకే నేరుగా వచ్చింది. దేవుడు పళ్ళెంలో పెట్టి ఇచ్చినంత తేలికైన బంతి. పిచర్ తిరిగి రెండో బేస్‌కి వేస్తాడు, నేను పట్టి మొదటి బేస్‌కి వేస్తాను, వాడూ బ్యాటరూ ఇద్దరూ ఔట్, ఆట అయిపోతుంది. నేను రెండడుగులు వేశాను. మొదటి బేస్ నుంచి వాడు వస్తున్న చప్పుడు వినిపించింది. నా కాళ్ళు ఆగిపోయాయి. జారలేదు, మట్టి అడ్డం పడలేదు, ఎండ కళ్ళలో పడలేదు. భయపడ్డాను. అంతే.

పిచర్ అప్పటికే బంతి వేసేశాడు. బేస్ మీద ఎవరూ లేరు. గ్వాంగ్‌హున్ అన్న తన పని తాను చేస్తూ వెనక్కి పరిగెత్తుతున్నవాడు చెయ్యి చాచాడు గానీ, బంతి మరీ పక్కగా పోయింది. బేస్‌ల మీదున్న ఇద్దరూ పరుగు పూర్తి చేశారు. మా వంతులో మేము ముగ్గురం వరసగా ఔటయ్యాం. సీసాలు మైదానంలో పడడం మొదలైంది.

లోపలికి వెళ్ళే దారిలో నేను నోరు తెరవబోతే అన్న నా చొక్కా పట్టుకుని గోడకి నొక్కాడు. "నోర్ముయ్. ఇంట్లో నాలుగు నెలల పిల్ల, పైగా ఆ మోకాలు. నిన్ను తీసేస్తే ఎవడూ పెట్టుకోడు. నన్నైతే ఏదో ఒక జట్టు రమ్మంటుంది. నేను చెప్తా, నువ్వు ఊఁ అనకు," అన్నాడు. బయటికి వెళ్ళి విలేఖరుల ముందు నడుం వంచి, "నేనే వెళ్ళాల్సింది, వెళ్ళలేదు. తప్పు నాది," అన్నాడు. ఆ నాలుగు నెలల పిల్లవి నువ్వే, యోంజూ. నిన్ను నిందించడానికి కాదు, నీకు తెలియాలని రాస్తున్నాను.

ఏ జట్టూ అతన్ని రమ్మనలేదు. కప్పు పోగొట్టినవాణ్ణి ఎవరు పిలుస్తారు? చేపల మార్కెట్టు వెనక అతని భార్య, మా బునిమ్ వదిన, నడిపే సూపు కొట్టులో ముల్లంగి తరుగుతూ ఉండిపోయాడు. మసాన్ జనం సంగతి తెలిసిందే. "ఏమమ్మా, సూపులో ముక్క కనబడదేం? ఇదీ మీ ఆయనలాగే రావాల్సిన టైముకి రాలేదా?" అని కేకలేసి నవ్వేవాళ్ళు. ముప్పై రెండేళ్ళలో నేను ఆ కొట్టుకి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి వదిన నా గిన్నెలో ఇంకో పెద్ద ముక్క వేసి, "మా ఆయన వల్ల నీ చేతిదాకా వచ్చిన కప్పు కూడా పోయింది కదయ్యా. ఏమనుకోకు, తిను," అంది. నేను తిన్నాను. లోపల కత్తి చప్పుడు ఆగకుండా వినబడుతూనే ఉంది.

నేను మాట్లాడకుండా ఊరుకోవడం ఒక తప్పు. అంతకన్నా పెద్దది ఇంకోటుంది. కోచ్‌నయ్యాక ఆ ఆటని పాఠం చేశాను. మొదటి ఏడాది ఎవరో అడిగితే చెప్పాను. చెప్పగా చెప్పగా అలవాటయింది. "ఓక్‌లా నిలబడిపోకు" అనే మాట ఈ జిల్లాలో ప్రతి బడి మైదానంలోనూ వినిపిస్తుంది. ఆ మాట పుట్టించింది నేను. సున్‌ర్యేకి నేను నిజం చెప్పలేదు గానీ ఆమెకి తెలుసు. ఆ కథ చెప్పినప్పుడల్లా నేను చెవి గీరుకుంటానని ఒకసారి అంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

రెండేళ్ళ కిందట అన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అంతా అర్థమవుతుంది. నా జబ్బు సంగతి తెలిశాక, ఈ ఏప్రిల్‌లో ఆసుపత్రికి వెళ్ళాను. వదిన వేడినీళ్ళకి వెళ్ళినప్పుడు మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. వదినకి చెప్పేస్తాననీ అన్నాను. అన్న ఎడంచేత్తో మెడ మీది తువ్వాలు ఎత్తి, గ్లవ్ పెట్టుకున్నట్టు ముఖానికి అడ్డం పెట్టుకుని, నాకు మాత్రం కనబడేలా పక్కకి తిప్పాడు. నోరు గట్టిగా మూసి ఉంది.

నేను, అంటున్నాడు. ఇంకా తనే వెళ్తానంటున్నాడు.

వదిన వచ్చి, "మళ్ళీ ఆ తువ్వాలు నములుతున్నావా, ఏం మనిషివయ్యా," అని తువ్వాలు లాక్కుంది. నేను ఏమీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాను. ఆరు నెలలుగా నాకు నిద్ర సరిగా లేదు. అతను నా కోసం రెండోసారి ఆ నింద మోస్తానంటే నేను రెండోసారి ఒప్పుకున్నట్టు అయింది.

ఆరు. "లోపలి మైదానంలో పాదాలు" అనే పేరుతో నేను రాసి, బళ్ళకి పంచిపెట్టిన పుస్తకం మీద నాకున్న సర్వహక్కులూ హ్యోక్‌కి ఇస్తున్నాను. షరతు ఒక్కటే. ఆ ఆట గురించిన పాఠం ఉన్న నలభై ఒకటో పేజీ చించివేసి, ఈ కింది మాటలు అక్షరం మార్చకుండా అచ్చు వెయ్యాలి:

"1991 అక్టోబరు 13న ఓక్ గ్వాంగ్‌హున్ తన పని సరిగ్గా చేశాడు. వెళ్తానని సైగ చేసి వెళ్ళనివాడు ప్యో జేసొప్. భయం వేస్తే నోరు తెరవండి. పక్కవాడు వెళ్తాడు."

ఏడు. పాత స్టేడియం పడగొట్టినప్పుడు నాకు జ్ఞాపకంగా ఇచ్చిన రెండో బేస్, మట్టి పట్టిన దళసరి తెల్ల బస్తా, నా డాబా మీది గదిలో గుడ్డ కప్పి ఉంది. ఆ రోజు వాడిన బేస్ అదేనో కాదో నాకు తెలియదు. చోటు అదే. అది నా తదనంతరం ఓక్ గ్వాంగ్‌హున్‌కి, ఆయన లేకపోతే ఆయన భార్య చు బునిమ్‌కి చెందాలి.

ఎనిమిది. మిగిలినవన్నీ నా మరణం తర్వాత అమలు కావాలి. ఐదో అంశం మాత్రం అంతదాకా ఆగకూడదు. ఇంతవరకు రాసింది చదివి, వదినకి నేను పోయాక వినిపిస్తే అదీ పిరికితనమే అవుతుందని యోంజు ముఖం మీదే అంది. అమ్మాయి తల్లి పోలిక. కనుక ఈ సంతకాలు అయిన వెంటనే సాక్షులిద్దరూ నాతో సూపు కొట్టుకి వచ్చి, నేను చదవలేకపోతే వాళ్ళైనా, ఆ అంశాన్ని వదినకి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాలి.

2023 అక్టోబరు 10
మసాన్, ఓడోంగ్
ప్యో జేసొప్ (ముద్ర)

సాక్షులు:
గిల్ జొంగ్‌మన్, మాజీ అంపైర్. ఆ రోజు రెండో బేస్ దగ్గర నిలబడ్డది ఇతనే. ఔట్ అనడానికి ఎత్తబోయిన చేత్తో టోపీ సర్దుకున్నాడు.
తాక్ యంగ్‌బే, క్షురకుడు. నా తల గురించి ఇతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు.

అనుబంధం

పై వీలునామాలో భాగంగా, అంతే స్పృహతో, నాలుగు రోజుల తర్వాత ఇది రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక ముగ్గురం కొట్టుకి వెళ్ళాం. రెండు వాక్యాలు చదివి, ఇక చదవలేక కాగితం పక్కకి జరిపాను. మిగతాది జొంగ్‌మన్ చదివాడు. వదిన సోయా మొలకల తోకలు తుంచుతూ వింటోంది. "నేను గ్లవ్ అడ్డం పెట్టుకుని నోరు మూశాను" అన్న దగ్గర చేతులు ఆగాయి. జొంగ్‌మన్ చివరిదాకా చదివి కాగితం మడిచాడు.

"ముప్పై రెండేళ్ళు ఆ మనిషిని కాల్చుకు తిన్నానయ్యా," అంది. "కొట్టు నడవకపోయినా అదే మాట, పైకప్పు కారినా అదే మాట. ఉండాల్సిన చోట ఉండని మనిషివి అని. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలా. ఇప్పుడు చెప్పించుకుందామన్నా మాటే లేదు కదా!"

ఏడ్చింది. మొలకల పళ్ళెం నా వైపు విసిరింది. అది నాకు తగల్లేదు, యంగ్‌బేకి తగిలింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. చాలాసేపటికి లేచి ముఖం కడుక్కుని వచ్చింది. ఏడో అంశం సంగతి చెబితే, "నువ్వు చచ్చాక ఆ బస్తా నాకెందుకు? బతికుండగా నువ్వే మోసుకెళ్ళి ఆయన ముందు పడెయ్యి. నేనూ వస్తా. నా ఎదురుగా చెప్పు," అంది.

నిన్న మధ్యాహ్నం వెళ్ళాం. బేస్‌ని ఆసుపత్రి మెట్ల మీద మూడుచోట్ల దించుకుంటూ నేనే మోశాను, ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. ఆ మట్టిది లోపలికి తేకూడదని నర్సు కేకలేసింది. వదిన ఆమెని పక్కకి నెట్టింది. అన్న మంచానికి ఎదురుగా నేలమీద పెట్టాను. చెప్పులు విడిచి దాని మీద నిలబడ్డాను. వదినకి అంతా తెలుసునని, నేనే చెప్పానని చెప్పాను. తర్వాత గ్లవ్‌లా అరచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆయనకి కనబడేలా తిప్పి, నోరు మూశాను.

ఆయన బేస్‌ని చూశాడు, నా పాదాలు చూశాడు, వదినని చూశాడు. వదిన ఆయన మెడ మీది తువ్వాలు తీసి ఎడంచేతికి ఇచ్చింది. ఆయన దాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత పక్కకి తిప్పాడు.

నోరు తెరిచి ఉంది.

కాబట్టి ఏడో అంశం ఇందుమూలంగా రద్దు. ఆ బేస్ ఇప్పుడు ఆయన మంచం పక్కన ఉంది, ఇకమీదట దాన్ని నా ఆస్తిలో చేర్చకూడదు. వీలునామా వల్ల ఏమైనా పొందే మనిషి గానీ, ఆ మనిషి ఇంటివాళ్ళు గానీ సాక్షి సంతకం చేయకూడదని లాయరు గారు మొన్ననే చెప్పారు. నా వీలునామాలో బునిమ్ వదినకీ ఆమె భర్తకీ ఇక ఏమీ లేదు. అందుచేత ఆమె సంతకం చెల్లుతుంది.

2023 అక్టోబరు 14
మసాన్, ఓడోంగ్
ప్యో జేసొప్ (ముద్ర)

సాక్షులు:
గిల్ జొంగ్‌మన్
తాక్ యంగ్‌బే
చు బునిమ్, ఓక్ గ్వాంగ్‌హున్ భార్య